అత్త చేతిలో తడిగుడ్డ

ఈ పొద్దు ప్రొద్దుటూరులో పళ్ళ డాక్టర్ ముందర నా పరువు నేనే తీసుకున్నా. మా పాపకు రెండేళ్ళు. ముందుపళ్ళు నాలుగూ నల్లగా పుచ్చిపోయినాయి. ఆయన అడక్కముందే, "మా అత్త బెల్లం పెడతాది సార్, చెప్తే వినదు" అనేసినా. అత్త పక్కనే నిలబడుండాది.

ఆయన బెల్లం మాటే ఎత్తలా. "పాలసీసా నోట్లో పెట్టుకోనే నిద్రపోతుందా?" అన్నాడు. పోతాది. ఆ సీసా ఇచ్చేది నేనే. "పాలు తాగినాక తడిగుడ్డతో తుడిచేవాళ్ళా?"

పాపకు పళ్ళు రాకముందు నుంచే అత్త మెత్తటి గుడ్డ తడిపి, వేలికి చుట్టుకోని, రోజూ చిగుళ్ళు తుడిచేది. వీరపునాయునిపల్లెలో మా ఆయన్నీ అట్లే సాకిందంట. "ఈ మోటు పనులు నా బిడ్డకు వద్దు" అని ఆ గుడ్డ లాక్కోని పారేసింది నేను.

నేను నోరు తెరిచేలోపల అత్తే చెప్పింది. "లేదు సార్, తుడవాలని మాకు తెలీదు."

ఇంటికొచ్చినాక అత్త పాపను ఒళ్ళో ఏసుకోని, గుడ్డ తడిపి, నా దిక్కు చూసి అడిగింది. "తుడిచేదా?"

తిట్టింటే బాగుండు. మీరైతే ఏం జవాబు చెప్పేవాళ్ళు?