మోషే తాత అడిగే రక్తం

మోషే తాతకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కనిపించిన ప్రతివాళ్ళనీ రక్తం అడుగుతాడు. అదీ చెవి దగ్గరికి వచ్చి, గుసగుసగా.

బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. చెప్పుల్లేకుండా తిరుగుతాడు గనుక వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు. ఓ రోజు అంగట్లో టమాటాలు ఏరుతున్న అనసూర్యకు మెడ వెనక నుంచి మాట వినబడింది.

"బిడ్డా, నీకేం రోగం లేదు గద?"

"లేదు తాతా."

"మంచిది. జర రక్తమిస్తవా?"

అనసూర్య సంచీ అక్కడే పారేసి ఇంటిదాకా పరుగే పరుగు!

ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండవు, మోచేతి నరాలు గుర్తుంటాయి. వాడకట్టు కుర్రాడు వెస్లీ పెళ్ళిలో అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే ఈయన పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని, "నరం మంచిగ తేలింది కొడుకా" అని మెచ్చుకున్నాడు. పాపం వెస్లీ, ఫొటోలన్నిటిలోనూ ఆ చెయ్యి వెనక్కి దాచుకునే ఉన్నాడు.

పైగా పట్టపగలు కూడా ఆయన ఇంటి కిటికీలకు నల్ల దుప్పట్లు. లోపల చీమ చిటుక్కుమనదు. ఉండేది ఒక్కడే అనుకుంటే, రోజూ రెండు కంచాలు కడుగుతాడు. ఇంకేం కావాలి? బాణామతే, చేతబడే అని వాడకట్టంతా తేల్చేసింది.

"పోయి అడుగరాదు?" అంది అనసూర్య మొగుడితో.

మంచం మీదున్న అంకయ్య అటు తిరిగి పడుకుని, "రేపడుగుత తియ్యి" అన్నాడు. గ్యాసు సిలిండరైనా, కరెంటు బిల్లైనా ఆయనకు అన్నీ రేపే.

చివరికి ఆమే కొంగు దోపుకుని బయలుదేరింది. మిట్టమధ్యాహ్నం. తలుపు తోస్తే లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. గోడ గడియారం ఆగిపోయి ఉంది. స్విచ్చి కోసం గోడ తడుముతుంటే మూల నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"లైటెయ్యకక్కా."

అనసూర్య చెయ్యి గోడ మీదే ఆగిపోయింది. కాసేపటికి మంచం కనబడింది. దాని మీద ఓ ఆడపిల్ల, కళ్ళకు గుడ్డ కట్టుకుని, కదలకుండా.

"బ్లెస్సీ." మోషే తాత ఎప్పుడొచ్చాడో, వెనకే ఉన్నాడు. "పిల్లది బోథ్ ఊరు. మా ఇంట్ల కిరాయికుండి నర్సు సదువుకునేది, ఊరికి పోయిందనుకున్నరు మీరంత. జెరమొచ్చి తగ్గింది గని మనిషి మల్ల లేవలే. నాలుగడుగులేస్తే వారం పడుకుంటది. వెలుగు పడదు, గడియారం సప్పుడు గూడ పడదు. గీ ఇంట్ల మెల్లగ మాట్లాడీ మాట్లాడీ, బయట గూడ నాకు గొంతు లేస్తలేదు."

"మరి అవ్వ బాపు?"

"బాపు లేడు. అవ్వ కూలి ఇడిసి ఎట్లుంటది? వస్తది, పోతది. ఈమెను బస్సెక్కిస్తే పానం దక్కదు."

"డాక్టర్లేమన్నరు?" తెలియకుండానే అనసూర్య గొంతు కూడా తగ్గింది.

"పరీక్షలన్నీ మంచిగనే ఉన్నయట. బద్దకమన్నరు. పెండ్లి చేస్తే పోతదన్నరు." ముసలాయన కిటికీ దుప్పటిని కోపంగా ఇంకాస్త బిగించాడు. "కరీంనగర్ల కొందరు డాక్టర్లు గీ రోగం మీద పరిశోధన చేస్తున్నరు. పోయి పోయి ఆళ్ళ పానం తోడేసిన. ఆదివారం ఇంటికే వచ్చి గీమె రక్తం తీస్తమన్నరు. కని పక్కన పెట్టి సూడనీకి రోగం లేనోళ్ళది గూడ కావాలె. దొరకకుంటే గీ ఊరిడిసి పోతరట. నాది షుగరు రక్తం, అక్కరకు రాదు."

అనసూర్య ఇంటికొచ్చి ఇదంతా చెప్పి ఏడ్చింది. అంకయ్య అటు తిరగబోయి, ఆగి ఇటే తిరిగాడు. తెల్లారేసరికి సంగతి వాడకట్టంతా తెలిసింది.

ఆదివారం డాక్టర్లు బ్లెస్సీ రక్తం ఇంట్లోనే తీసుకుని, ఆరాధన అయ్యాక మిగతావాళ్ళ కోసం చర్చి వరండాలో బల్ల వేశారు. అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది అంకయ్య! వాడకట్టు నోరెళ్ళబెట్టింది.

"అంకయ్యా, నువ్వా?" అన్నాడు మోషే తాత.

"నేనే తాతా. ఆ పిల్లది బద్దకమన్నరు గద? అసలు బద్దకమంటే ఎట్లుంటదో డాక్టర్లు సూడాలె." కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. "నాది తీసి ఆ పిల్ల రక్తం పక్కన పెట్టుండ్రి. తేడా గప్పుడు తెలుస్తది."