సుల్తాన్ బజారుకు పోయిన ఎర్ర జెండా

1958 ఎండాకాలంలో నన్ను వికారాబాదు నుంచి తాండూరుకు అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా బదిలీ చేశారు. అప్పుడది సింగిల్ లైను. పక్క స్టేషనును అడగాలి, వాళ్లు ‘లైన్ క్లియర్’ ఇవ్వాలి, అప్పుడే మిషనులోంచి టోకెన్ బయటికి వస్తుంది. దాన్ని బెత్తం రింగులో పెట్టి డ్రైవరుకు అందిస్తే తప్ప ఎంత గొప్ప మెయిలైనా కదలకూడదు. ఇలా జవాబుల కోసం కాచుకునే ఉద్యోగం చాలనట్టు, నేను ఒక నవల కూడా రాశాను.

బదిలీకి ముందే దాన్ని హైదరాబాదులో సుల్తాన్ బజారులోని ఒక ప్రచురణకర్తకు పంపాను. రెండో ప్రతి లేదు. నా పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశంతా ఆ ఒక్క కట్టలోనే ఉంది. వానలు వచ్చి పోయాయి, తాండూరు బజారుకు కొత్త కందులొచ్చాయి, జవాబు రాలేదు. ఉత్తరం రాసి అడుగుదామంటే, ఆయనకు విసుగొచ్చి కాదంటాడేమోనని భయం. అన్నం సయించడం మానేసింది. చివరికి ఒకరోజు గూడ్సు డ్రైవరు టోకెన్ కోసం చెయ్యి చాస్తే, ఖాళీ పోస్టు కవరు అందించాను.

దాంతో సంగతి స్టేషన్ మాస్టరు ఖాదర్ సాహెబ్ దాకా పోయింది. రూలు పుస్తకంలో లేని కష్టం లోకంలో లేదని ఆయన నమ్మకం. నా గోడంతా విని, కళ్లజోడు పెట్టుకుని పుస్తకం తెరిచి ఒక రూలు చదివారు. సింగిల్ లైను మీద ఫోను, తంతి, మిషను అన్నీ ఒక్కసారే చచ్చిపోతే చేతులు ముడుచుకుని కూర్చోకూడదు. ఒట్టి ఇంజనునో, ట్రాలీనో, ఏదీ లేకుంటే మనిషినో మెల్లగా అవతలి స్టేషనుకు పంపి జవాబు తెప్పించాలి.

“మీదిగూడ పూరా బంద్ అయిన లైనే. ఇంజనైతే ఇయ్యలేను. మనిషినిస్త,” అన్నారు.

ఆ మనిషి మా పాయింట్స్‌మన్ బీరప్ప. పట్టాలు మార్చే లీవర్లు అతని పని. కోట్‌పల్లి వైపు గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడు, ఒకచోట కూర్చుంటే లేవడు. రూలు ప్రకారం అతనికి పచ్చ జెండా, ఎర్ర జెండా ఇచ్చి, రాతపూర్వకంగా జవాబు తేనిదే తిరిగి రావద్దన్నారు సాహెబ్. పరువు పోతుందని నేను కాళ్లావేళ్లా పడ్డాను.

“పరువు పోతే పోనీయుండ్రి. టోకెన్ పోవద్దు,” అన్నారాయన.

తర్వాతి సంగతి బీరప్ప చెప్పిందే. ప్రచురణకర్త తీరిక లేదని, ఇంకోసారి రమ్మని పంపేశాడు. బీరప్ప సరేనని బయటికొచ్చి, గుమ్మం ముందు ఎర్ర జెండా పాతి కూర్చున్నాడు. ఆ రోజుల్లో పట్నంలో కార్ఖానా ముందు ఎర్ర జెండా లేచిందంటే సమ్మె అనే లెక్క. లోపల ఆయన ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటర్లు అది చూశారు. పిలుపు ఎవరిచ్చారో తెలియకపోయినా పని ఆపి వచ్చి పక్కన కూర్చున్నారు. యజమాని పరేషానై, మీ డిమాండ్లేమిటని అడిగాడు.

“గవన్ని నాకెర్క లేదు సేటూ. మా సారు నవల సదువుండ్రి. అయితదో కాదో రాసియ్యుండ్రి. గంతే,” అన్నాడు బీరప్ప.

“గంతే! గంతే!” అని కంపోజిటర్లు నినాదం అందుకున్నారు. యజమాని చేసేది లేక నా కట్ట వెతికించి, గుమ్మంలోనే కూర్చుని సాయంత్రం దాకా చదివాడు.

నా నవలలో నాయిక ఒక ఉత్తరం కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసి, అది రాకుండానే కన్ను మూస్తుంది. ఆ చివరి పేజీ రాస్తూ నేనే ఏడ్చాను. బీరప్ప తెచ్చిన కాగితంలో ఇలా ఉంది: “అయ్యా, ఇది వేయలేము. తమరు ఏడాది కూడా ఆగలేక జెండా ఇచ్చి మనిషిని పంపారు. తమ నాయికకు ఇరవై ఏళ్లలో ఒక్క బీరప్ప దొరకలేదా?”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కానీ ఆ పూట కడుపునిండా తిన్నాను. సాహెబ్ మాత్రం లైను బాగయిందని సంతోషించారు.

నవల తిరగరాశాను. ఈసారి నాయిక రెండో అధ్యాయంలోనే బస్సెక్కి వెళ్లి అడుగుతుంది. దాంతో మూడు వందల పేజీలు అరవైకి దిగాయి. ఆ అరవై పేజీలూ పంపుతూ, బీరప్ప తమ క్షేమం అడిగాడని కింద ఒక ముక్క రాశాను. వేస్తామని తిరుగు టపాలో జవాబు వచ్చింది.

అన్నట్టు, నవల కట్టకు నేను కట్టిన దారం ముడి అన్నాళ్లూ విప్పలేదని, తన కళ్లముందే కత్తెరతో కోశారని బీరప్ప చెప్పాడు. ప్రచురణకర్త నా రాత గురించి ఏమనుకుంటున్నాడోనని నేను అన్ని నెలలూ కుమిలిపోయాను. ఆయన ఏమీ అనుకోలేదు. జవాబు రానప్పుడు అవతలివాళ్లు మన గురించి ఆలోచిస్తున్నారని అనుకోకూడదు. మనిషిని పంపాలి.