నేను కాల్చిన జపాను వంకాయ

నాకు అక్షరం ముక్క రాని ఆ రోజుల్లో లోకంలో రెండే రకాల మనుషులు ఉండేవాళ్లు. చదువుకున్న వాళ్లు ఒక రకం, నేను ఇంకో రకం. (మా అమ్మకూ, మా అత్తకూ కూడా చదువు రాదు. కానీ వాళ్లకు ఆ దిగులే లేదు కాబట్టి నా లెక్కలో చేర్చలేదు.) చదువుకున్న వాళ్లు ఏం చెప్పినా నిజమేనని నమ్మేదాన్ని. బస్టాండులో ప్యాంటు వేసుకున్న మనిషి ఎవరైనా బోర్డు చూసి "ఇది పుత్తూరు బస్సేమ్మా" అంటే ఎక్కి కూర్చునేదాన్ని. అది కాళహస్తి దారి పట్టినా ఆయన తప్పు చెప్పాడని నాకు తోచేది కాదు. డ్రైవరే దారి మరిచిపోయాడనుకునేదాన్ని. ఆ నమ్మకంతోనే ఒకసారి ఎనిమిది వందల మందిని ఎండలో నిలబెట్టాను. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు రాయడం వచ్చింది కదా, రాసేస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. సత్యవేడు పక్కన మా ఊరు. పొద్దున ఆరింటికి కంపెనీ బస్సెక్కి శ్రీసిటీకి పోయి, ఒక జపాను వాళ్ల ఫ్యాక్టరీ క్యాంటీనులో కూరగాయలు తరిగేదాన్ని. రోజుకు రెండు మూటల ఉల్లిగడ్డలు. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఏడుస్తున్నానో, ఉల్లిగడ్డలు తరుగుతున్నానో నాకే తెలిసేది కాదు, రెండూ ఒకేసారి జరిగేవి. ఆ క్యాంటీనులో ఎవరూ రాయని రూలు ఒకటి ఉండేది. ఆడవాళ్లు తరగాలి, కడగాలి, వడ్డించాలి. పొయ్యి ముందు నిలబడి గరిటె తిప్పేది మాత్రం మగవాళ్లే, వాళ్లను మాస్టర్లు అనాలి. ఇంట్లో మూడు పూటలా మమ్మల్ని పొయ్యి దగ్గర నుంచి కదలనివ్వని లోకం, జీతమిచ్చే పొయ్యి దగ్గరికి మాత్రం రానిచ్చేది కాదు. నాకు నగలూ వద్దు, చీరలూ వద్దు. మనిషంత ఎత్తు మంట లేచే ఆ పెద్ద పొయ్యి ముందు నిలబడి, నా చేత్తో ఒక్క గుండిగ కూర దించాలి. అంతే నా కోరిక.

ఒకరోజు మా పెద్ద మాస్టరు కడిగిన నేల మీద కాలు జారి పడి, చెయ్యి విరగ్గొట్టుకొని పుత్తూరు కట్టుకు పోయాడు. కట్టు వేయించుకొని అక్కడి నుంచే కబురు పంపాడు, ఇంక గుండిగలు ఎత్తే శక్తి లేదు, కూతురి ఊరికి పోతున్నానని. ఆయన చోటు ఖాళీ అయింది. ఆ చోటు చిన్న మాస్టరుదేనని అందరూ అనుకున్నారు. ఆయన గుమ్మిడిపూండి వైపు మనిషి, మేమంతా అరవన్న అనేవాళ్లం. మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు. "ఏం మా, ఇనిమేల్ నాకు సల్యూట్ కొట్టాల" అని, ఇకమీదట తానే పెద్ద మాస్టరన్నట్లు, పొద్దున్నే మొదలు పెట్టాడు. నాకు ఏ దయ్యం పట్టిందో, వంకాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, మా సూపర్‌వైజరు దగ్గరికి పోయి, "సార్, నేను గూడా వంట చేస్తాను సార్" అన్నాను.

ఈ సూపర్‌వైజరుది చిత్తూరు. మాట్లాడితే "నేను డిగ్రీ చదివినాను" అనేవాడు. అందుకని ఆయన లేనప్పుడు డిగ్రీ సారు అనేవాళ్లం. ఆయన నవ్వాడు. అరవన్న నవ్వాడు. అంట్లు తోమే ఆడవాళ్లు కూడా నవ్వారు, అది ఇంకా బాధ. నవ్వని మనిషి ఒక్కడే, పక్క బెంచీ మీద కూర్చుని అన్నం తింటున్న జపాను ఇంజనీరు. ఆయన పేరు మాకు నోరు తిరగక అద్దాలాయన అని పిలిచేవాళ్లం. ఎప్పుడూ ఒక లావుపాటి చిన్న పుస్తకం పట్టుకొని, అందులో బొమ్మలు చూస్తూ తినేవాడు. నేను బల్లలు తుడిచే వంకతో ఆ పుస్తకంలోకి తొంగి చూసేదాన్ని. దాని నిండా వంట పోటీలే. తెల్లకోట్లు వేసుకున్న పిల్లకాయలు కత్తులు పట్టుకొని, కూరగాయల్ని కాదు ఒకళ్లనొకళ్లు తరిగేటట్లు చూసుకుంటూ ఉంటారు. ఎదురుగా పెద్దమనుషులు కూర్చుని రుచి చూస్తారు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, వాళ్ల వెనక సముద్రం లేస్తుంది, పూలు రాలుతాయి, కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతాయి. (మా అత్త నా వంట తిని ఎన్నడూ ఇంత శ్రమ తీసుకోలేదు. "ఉప్పు" అని ఒక్క మాట అనేది. ఎక్కువో తక్కువో నేనే కనుక్కోవాలి.)

అద్దాలాయన డిగ్రీ సారును పిలిచి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నా సంగతి తెలుసుకొని, పుస్తకం తిరగేసి, కత్తి పట్టుకొని నిలబడిన ఒక ఆడపిల్ల బొమ్మ మీద వేలు పెట్టి, తర్వాత ఆ వేలు నా వైపు చూపించాడు. అరగంటలో అంతా తేలిపోయింది. పుస్తకంలో మాదిరే పోటీ. శనివారం మధ్యాహ్నం భోజనాల హాల్లో, అందరి ముందూ వండాలి, అద్దాలాయన రుచి చూడాలి, గెలిచిన వాళ్లకు పెద్ద పొయ్యి. నేను చూసి నేర్చుకోవాలని తన పుస్తకం కూడా నా చేతికిచ్చాడు. దాన్ని కొంగులో చుట్టుకొని పోయి కూరగాయల గదిలో కూర్చుని తెరిచాను. ఏ పక్క నుంచి తెరవాలో నాకేం తెలుసు? చెయ్యి ఎటు పోతే అటు తెరిచాను, కుడి పక్క నుంచి. బొమ్మలు చూసుకుంటూ పోతే ఒకచోట బుట్టలో వంకాయలు. తర్వాత వాటిని నిప్పుల మీద కాల్చారు. తర్వాత తోలు ఒలిచారు. తర్వాత ఏదో నల్ల పులుసులో వేశారు. తర్వాత ఐసు మీద పెట్టారు. ఆ తర్వాత ఒక ముసలాయన తిని గాల్లో తేలాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. కాల్చిన వంకాయతో ఊరిబిండి, అదే పచ్చడి, మా ఇంట్లో రోజూ చేసేదే కదా! పరిగెత్తుకుంటూ డిగ్రీ సారు దగ్గరికి పోయాను.

"సార్, ఇది మన ఊరిబిండి మాదిరే ఉండాది సార్. ముందు కాల్సి, తోలు తీసి, పులుసులో ఏస్తాండారు. ఇది నేను చేస్తాను."

"యాడ చూసినావ్ మే ఇదంతా?"

"ఇదో, ఈడ నుంచి ఇట్ల..."

"అయ్యో నీ మొగం మండ! పుస్తకం ఏ పక్క తెరవాల్నో కూడా తెలీకుండా పోటీకి వచ్చినావా? అది ఎనక అట్ట మే!" అని పుస్తకం లాక్కొని తిరగేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. భూమిలోకి దిగిపోవాలనిపించింది. డిగ్రీ సారు ఎడమ పక్క నుంచి ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి వివరించాడు. ముందు ముసలాయన కన్నీళ్లతో గాల్లో తేలుతున్నాడు.

"సూడు, మొదట ఆకలి. తిండి లేక ఎంత అల్లాడతాండాడో సూపించినారు. తర్వాత వంకాయ ఐసు మీద పెట్టాల. ఆమీట పులుసులో నానేయాల. ఆమీట తోలు. ఆ తర్వాత నిప్పుల మీద కాల్సాల. ఆఖర్న బుట్టలో పెట్టి ఇయ్యాల."

"పులుసులో నానేసిన దాన్ని ఎట్ల కాల్సేది సార్? కారిపోదా?"

"జపాను వంట మే అది! నీకూ నాకూ తెలిసిపోతే ఇంక వాళ్ల గొప్పేముండాది?"

ఆయన డిగ్రీ చదివిన మనిషి. నేను పుస్తకం వెనక అట్ట ఏదో, ముందు అట్ట ఏదో తెలియని దాన్ని. అయినా మూడు రోజులు నా చేతులు ఒప్పుకోలేదు. ఇంట్లో వంకాయ కాలుస్తూ, ఇది తప్పు, ఇది తప్పు అని నాలో నేను అనుకునేదాన్ని. తప్పు ఆయన చెప్పిన దాంట్లో ఉందనుకోలేదు, నా చేతుల్లో ఉందనుకున్నాను. ఆ చేతులకు బుద్ధి చెప్పి శనివారం బస్సెక్కాను.

హాల్లో రెండు చిన్న గ్యాసు పొయ్యిలు పెట్టారు. అరవన్న మెత్తగా వండిన అన్నం మెదిపి, పెరుగు కలిపి, అల్లం, పచ్చిమిరపకాయ, మామిడి ముక్కలు వేసి, తాలింపు పెట్టి, అరగంటలో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నేను ఐసు మీది వంకాయలు తీసి, అద్దాలాయన ఇచ్చిన సీసాలోని నల్ల పులుసులో చక్కెర కలిపి నానబెట్టి, పచ్చి తోలు కత్తితో చెక్కి, కారుతున్న వంకాయల్ని ఒక్కొక్కటిగా మంట మీద పెట్టాను. మొదటి వంకాయ ఏడ్చింది. రెండోది బుసకొట్టింది. మూడో దాని చక్కెర అంటుకొని నల్లటి పొగ లేచింది. ఆ పొగ నేరుగా పైకప్పులో ఎర్ర దీపం ఉన్న డబ్బా దగ్గరికి పోయింది, అడ్రసు తెలిసినట్లు. అంతే, సైరను కొట్టింది.

అది కొడితే మిషన్లు ఆపి, అందరూ బయటి మైదానంలో వరసలుగా నిలబడాలని జపాను వాళ్ల రూలు. ఎనిమిది వందల మంది వచ్చి నిలబడ్డారు. ఎండ నడినెత్తి మీద ఉంది. తలలు లెక్క పెట్టారు, ఒకరు తక్కువొచ్చారు. మళ్లీ లెక్క పెట్టారు. ఆ తక్కువొచ్చిన ఒకరు నేనే. పుస్తకం చంకలో పెట్టుకొని, వంకాయల గిన్నె పట్టుకొని హాల్లోనే నిలబడి ఉన్నాను. పారిపోవడానికి కూడా ఎవరో చదువుకున్న వాళ్లు చెప్పాలని ఎదురు చూస్తున్నాననుకుంటా. గార్డు చెయ్యి పట్టుకొని బయటికి లాక్కొచ్చాడు. గిన్నెతో సహా అందరి ముందు నుంచీ నడిచాను. అరవన్న ఊరుకుంటాడా? "ఏం మా, వంకాయ కాల్సినావా, ఫ్యాక్టరీ కాల్సినావా?" అన్నాడు. ఎనిమిది వందల మంది నవ్వారు. అంతమంది ఒకేసారి నవ్వితే అది నవ్వులా ఉండదు, పెద్ద వాన మీద పడినట్లుంటుంది.

పోటీ మైదానంలోనే ముగిసింది. అరవన్న బయటికి పరిగెత్తేటప్పుడు తన గిన్నె మరిచిపోలేదు. గంటసేపు ఎండలో నిలబడ్డ మనిషికి పెరుగన్నం ఇస్తే దానికి ఓటమి ఉంటుందా? అద్దాలాయన రెండుసార్లు అడిగి తిన్నాడు. తర్వాత మర్యాదస్తుడు కాబట్టి నా గిన్నెలోంచి కూడా ఒక నల్లముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి, అచ్చం పుస్తకంలో మాదిరే. వెనక సముద్రం మాత్రం లేవలేదు, మంటలార్పే వాళ్ల నీళ్ల గొట్టం లేచింది. నా చంకలో ఉన్న పుస్తకం తీసుకొని, ఏ పక్క నుంచి చూశావని సైగ చేశాడు. ఎడమ పక్క చూపించాను. ఆయన నోరు తెరిచి, తల పట్టుకొని, నా ముఖంలోకి చూస్తూ కుడి నుంచి ఎడమకు గాల్లో వేలు గీశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. "పో, పక్కకు పో" అంటున్నాడని నేను అనుకున్నాను. డిగ్రీ సారు "యెస్ సార్, యెస్ సార్" అంటూ నన్ను పక్కకు లాగేశాడు.

సోమవారం నుంచి నన్ను కూరగాయల దగ్గర కూడా ఉంచలేదు. కత్తికి కూడా పనికిరానని అంట్ల తొట్టి దగ్గరికి పంపారు. నాలుగేళ్లు తోమాను. అద్దాలాయన దేశానికి పోయేటప్పుడు ఆ పుస్తకం నా చేతిలో పెట్టి వంగి దండం పెట్టాడు. వెక్కిరింతేమో అనుకొని తీసుకుపోయి ట్రంకు పెట్టె అడుగున పడేశాను. ఆ తర్వాత ఎన్నో చోట్ల పని చేశాను. "వంట చేస్తావా?" అని ఎవరైనా అడిగితే, "నా చేతికి వంట రాదు" అనేదాన్ని. వినయం కాదు, నిజంగానే నమ్మాను.

ముప్పై తొమ్మిదో ఏట మా వీధిలో ఒక టీచరమ్మ సాయంత్రాలు ఆడవాళ్లకు చదువు చెబుతుంటే పోయి కూర్చున్నాను. ఏడాదికి బస్సు బోర్డు నేనే చదువుకున్నాను. (అప్పుడు తెలిసింది, డ్రైవర్లు ఎప్పుడూ దారి మరిచిపోలేదని.) మొన్నొక ఆదివారం మా అమ్మాయి ఫోనులో ఏదో జపాను బొమ్మల సినిమా చూస్తోంది, తెలుగు మాటలతో. తెల్లకోట్లు, కత్తులు, వంట పోటీ. పక్కన కూర్చున్నాను. బుట్టలో వంకాయలు వచ్చాయి. నిప్పుల మీద కాల్చారు. తోలు ఒలిచారు. నల్ల పులుసులో వేశారు, ఐసు మీద పెట్టారు, ముసలాయన తిని గాల్లో తేలాడు. ఫోనులో కుడి లేదు, ఎడమ లేదు, తిరగేసే డిగ్రీ సారు లేడు. లేచి పోయి ట్రంకు పెట్టె అడుగు నుంచి పుస్తకం తీసుకొచ్చాను.

"అయ్యో, నీ దగ్గర ఇది ఉండాదా మా! ఈ సినిమా తీసింది ఈ పుస్తకం నుంచేమా!" అంది మా అమ్మాయి. నేను అలవాటుగా ఎడమ పక్క తెరిచాను. "అట్ల కాదు మా. జపాను పుస్తకాలు కుడి పక్క నుంచి చదవాల."

పుస్తకం మూసి, తిప్పి, కుడి పక్క నుంచి తెరిచాను. గాల్లో మూడుసార్లు గీసిన ఆ వేలు కనిపించింది. అక్షరం రాని పిల్ల ఒకతె కూరగాయల గదిలో ఆ పుస్తకాన్ని సరిగ్గానే తెరిచింది. సరిగ్గానే చదివింది కూడా. ఎనిమిది వందల మందిలో అది సరిగ్గా చదివింది అద్దాలాయన తర్వాత ఆ పిల్ల ఒక్కతే. ఆ సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. తెలిసిన ఒక్క మనిషి చెబితే, పక్కకు పొమ్మన్నాడనుకుంది.

ఆ పూట వంకాయలు కాల్చాను. ముందు కాల్చి, తర్వాత తోలు తీసి, చింతపండు పులుసులో వేసి, ఫ్రిజ్జులో చల్లబెట్టి పళ్లెంలో పెట్టాను. మా అమ్మాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను దాని వెనక గోడ వైపు చూస్తూ నిలబడ్డాను, సముద్రం లేస్తుందేమోనని.

"ఉప్పు" అంది ఫోనులోంచి తల ఎత్తకుండా.

అచ్చం వాళ్ల అవ్వ, మా అత్త మాదిరే. నాకు నవ్వొచ్చింది. పదహారేళ్లు ఆలస్యమైనా, కూరగాయల గదిలోని ఆ పిల్లను పొయ్యి ముందు నిలబెట్టాను కదా అనుకొని, ఉప్పు డబ్బా కోసం లోపలికి పోయాను. ఎక్కువో తక్కువో ఈసారి మాత్రం ఎవరినీ అడగలేదు. నేనే రుచి చూసుకున్నాను.