మెహరున్నీసా సిస్టర్ కోపం

నిన్న గుడివాడలో ఒక మందుల షాపు ముందు నిలబడి ఉండగా, కౌంటర్ వెనక నుంచి విసుగ్గా ఒక గొంతు చెవిన పడింది. "ఈ ముసలాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అంతే!" నల్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దాయన కంటిచుక్కల సీసా పట్టుకుని తల వంచుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏం చెప్పారండీ ఆయనకి?" అని అడిగాను. ముసలాళ్ళ మీద ఆ విసుగు మాటే నేను నర్సుగా కొత్తగా చేరినప్పుడు మచిలీపట్నంలో విన్నాను. దానికి ఎదురు నిలిచిన మనిషి మెహరున్నీసా సిస్టర్.

ఆవిడ మా కంటి వార్డుకు హెడ్ నర్సు. పొట్టి మనిషి, మెత్తటి గొంతు. క్యాంపు రోజున చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముసలివాళ్ళను వ్యానులో తెచ్చి, శుక్లాలు తీసి, మర్నాడు పంపేసేవారు. వెళ్ళేముందు జాగ్రత్తలు చెప్పడం నా పని. "తలస్నానం చేయకండి, కన్ను నలపకండి, చుక్కలు మానకండి" అని ఒక క్యాంపులో పదమూడు మందికీ ఒకే గుక్కలో అప్పజెప్పి, అవే రాసున్న కాగితం చేతికిచ్చి, కేసు షీట్లలో 'జాగ్రత్తలు వివరించడమైనది' అన్నచోట పదమూడు సంతకాలు గీకాను. "చెప్పావా అమ్మా, చదివావా?" అని సిస్టర్ అడిగారు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

వారం తిరక్కుండా వాళ్ళలో ఒకామె, నాంచారమ్మ, తిరిగొచ్చింది. కృత్తివెన్ను దగ్గర షెడ్డులో రొయ్యల తలలు తీసే పని ఆమెది. కన్ను వాచి, చీము పట్టింది. "చెప్తే వినరు కదా మీరు!" అని డాక్టరుగారు విసుక్కున్నారు. "ఎంత నొక్కినా చుక్క పడలేదు బాబూ. పిన్నీసుతో పొడిచాను" అని ఆమె గాజులకు వేలాడుతున్న పిన్నీసు చూపించింది. తుప్పు పట్టి, రొయ్యల కంపు కొడుతోంది. ఆ సీసా మూత లోపలే చిన్న ముల్లు ఉంటుంది. మూతను చివరిదాకా బిగిస్తే సీసా మొనకు చిల్లు పడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఏ ఒక్కరికీ చెప్పలేదు.

కన్ను దక్కలేదు. కేసు షీటులో 'పేషెంట్ నిర్లక్ష్యం' అని రాయమన్నారు డాక్టరుగారు. సిస్టర్ పెన్ను పక్కన పెట్టేశారు.

"ఎవరి నిర్లక్ష్యమండీ?"

"ఆమెదే. వివరించినట్టు సంతకం ఉందిగా."

"సంతకం మా నర్సమ్మాయిది, కన్ను ఆవిడది. చూపు ఆనని మనిషికి చీమ తలకాయంత అక్షరాల కాగితం ఇచ్చి, ఆవిడ వినలేదంటారా? సీసా విప్పడం మనం నేర్పలేదు. నేను అదే రాస్తాను."

అదే రాశారు. నెల్లాళ్ళలో సిస్టర్‌ని వార్డు నుంచి తప్పించి, దుప్పట్లు లెక్కపెట్టే స్టోరులో కూర్చోబెట్టారు. డాక్టరుగారికి ఏమీ కాలేదు. సంతకం పెట్టిన నాకూ ఏమీ కాలేదు.

నాంచారమ్మ రెండో కంట్లోనూ శుక్లం ముదిరింది. ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు. ఒక ఆదివారం సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళారు.

"ఒకటి పోయింది. రెండోది కూడా మీకే ఇమ్మంటారా అమ్మా?" అంది నాంచారమ్మ.

"తప్పు మీది కాదు పిన్నిగారూ, మాది" అని సిస్టర్ నా వంక చూశారు.

"సీసా ఎలా విప్పాలో నేనే చెప్పలేదు పిన్నీ" అన్నాను.

నాంచారమ్మ మెల్లగా అంది. "నా కన్ను నేనే పొడుచుకున్నానని ఊరంతా అంటోందమ్మా. నేనూ అదే అనుకున్నాను."

సిస్టర్ సంచిలోంచి మూడు కొత్త సీసాలు తీశారు. "మీరు విప్పండి, నేను చూస్తాను." చేతులు కడిగించి, తల వెనక్కి వాల్పించి, కింది రెప్ప లాగించి, మొన కంటికి తగలకుండా సీసా ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా చేయించారు. మూడో సీసాకి నాంచారమ్మ చెయ్యి కుదిరింది. ఆ నెలలోనే ఆపరేషన్‌కి వచ్చింది. రెండో కన్ను నిలిచింది. మొదటిదాన్ని మాత్రం ఎవరమూ తెచ్చి ఇవ్వలేకపోయాం.

సిస్టర్ ఆ స్టోరులోనే రిటైరయ్యారు. నేనిప్పుడు దివిసీమలో ఒక కంటి వార్డు చూస్తున్నాను. పెద్దవాళ్ళు తమ చేత్తో చుక్క వేసుకుని చూపించేదాకా ఎవరినీ ఇంటికి పంపను. ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. "ఇంకా ఎంతసేపు సిస్టర్? వ్యాను ఆగి ఉంది!" అని కింద నుంచి డ్రైవరు కేకలేస్తాడు.

"ఆగనివ్వండి" అంటాను.