చేతులు కట్టుకున్న తొందరమ్మ

మా ఎమర్జెన్సీలో శిక్షణకొచ్చిన ఒక డాక్టరమ్మకు తొందరమ్మ అని పేరు పెట్టింది నేనే. హెడ్ సిస్టర్ని, ఆ మాత్రం చనువుంది. ఊపిరాడని మనిషి గొంతులోకి గొట్టం దించడంలో ఆమె తర్వాతే ఎవరైనా. మిగతావాళ్లు గ్లౌజులు వెతుక్కునేలోపు పని ముగించేసేది.

ఇక్కడ శిక్షణ మూడేళ్లు. మొదటి ఏడాది రోగిని చూడడం, సీనియర్‌కు చెప్పడం, చీవాట్లు తినడం. రెండో ఏడాది ఆపరేషన్లకు మత్తిచ్చే విభాగానికి, పిల్లల వార్డుకు, ఐసీయూకు తిప్పుతారు. అక్కడివాళ్లు చుట్టాల్లా చూస్తారు, పని మాత్రం ఇంటివాళ్లకంటే ఎక్కువ చేయిస్తారు. మూడో ఏడాది మంచం కాళ్ల దగ్గర నిలబడి అందరిచేతా చేయించాలి. తను చెయ్యి వేయకూడదు. ఎందుకంటే గొంతుమీదికి వంగినవాడికి రోగి మిగతా ఒళ్లు కనపడదు.

మూడో ఏడాదికొచ్చిన తొందరమ్మకు ఇదే కొరుకుడు పడలేదు. ఓసారి జూనియర్ తడబడుతున్నాడని గొట్టం లాక్కుని తనే వేసింది. ఆ సందులో రోగి నాడి పడిపోతుంటే చూసిన డాక్టరు లేడు. నేను అరవబట్టి సరిపోయింది. ఆమె మీద ఒళ్లు మండిపోయింది నాకు.

"ఇంకోసారి చెయ్యి పెట్టావంటే మళ్లీ రెండో ఏడాదికే పోతావు," అన్నాడు మా విభాగం పెద్దసారు.

కొన్నాళ్లకు బండి మీంచి పడ్డ ఒకాయన్ని తెచ్చారు. తలవైపు నిలబడింది కొత్తగా చేరిన అమ్మాయి. గొట్టం దిగలేదు. తొందరమ్మ అడుగు ముందుకేసింది. గోడవారన పెద్దసారు చూస్తున్నాడు.

ఆమె ఆగి, చేతులు కట్టుకుంది.

"తీసెయ్. ముందు మాస్కుతో గాలి కొట్టు. కంగారేం లేదు, నేనిక్కడే ఉన్నా." అంతలోనే పక్కనున్న కుర్ర డాక్టరుతో, "ఎడమవైపు ఛాతీ లేవట్లేదు, బీపీ జారుతోంది. ఛాతీలోకి సూది గుచ్చు," అంది.

లోపల చిక్కుకున్న గాలి బుస్సుమని బయటికొచ్చింది. ఈసారి ఆ అమ్మాయి వేసిన గొట్టం దిగింది.

"ఇకమీదట ఈ గది నీదేనమ్మా," అని పెద్దసారు వెళ్లిపోయాడు.

కుళాయి దగ్గర తొందరమ్మ కనిపించింది. ఏమీ అంటని చేతుల్ని కడుగుతూనే ఉంది. సంతోషపడాల్సింది పోయి ఏడుస్తోంది.

"అయితే ఇక నేను గొట్టం వెయ్యకూడదా అక్కా?"

"అవసరమైతే వేస్తావులే."

"మీరు సూది పట్టి ఎన్నాళ్లయింది?"

హెడ్ సిస్టర్నయ్యాక పట్టానో లేదో, ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. కుళాయి కట్టేశాను.