ఫోన్‌కి తెలియకుండా దాచిన చెవి

ఈమధ్య నాకు కుడి చెవి సరిగ్గా వినబడటం లేదు. ఇంట్లో చెబితే కంగారుపడతారని, ఎవరికీ తెలియకుండా ఫోన్లో వినికిడి యంత్రాల గురించి వెతికాను. అప్పటి నుంచి ఏ పేజీ తెరిచినా అవే ప్రకటనలు! కడియంలో మా నర్సరీకి వచ్చినవాళ్లకి మందార రకాలు చూపిద్దామని ఫోన్ తీస్తే, పువ్వు పక్కనే ఇంత పెద్ద చెవి.

ఇలా కాదని ఈ ఉదయం పని పక్కనపెట్టి, మనం వెతికింది గుర్తుపెట్టుకోని సెర్చ్ ఇంజన్లు ఏమున్నాయో చదివాను. రెండు మూడు వాడి చూసి, తెలుగులో కూడా బాగానే వెతికిపెడుతున్న ఒకదాన్ని ఎంచుకున్నాను. పాత హిస్టరీ అంతా చెరిపేశాను. ఇక నా రహస్యం నా దగ్గరే ఉంటుందని ధీమాగా మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాను.

మా ఆవిడ పప్పు వడ్డిస్తూ, "చెవి డాక్టరు గారి దగ్గరికి ఎప్పుడు వెళ్దామండీ?" అంది.

ఉలిక్కిపడ్డాను. "నా ఫోన్ చూశావా?"

"మీ ఫోన్ నాకెందుకండీ? మీరు పెట్టే టీవీ సౌండుకి పక్కింటి పిన్నిగారు వాళ్ల టీవీ కట్టేసి మన వార్తలే వింటున్నారు. నేను ఎటు నుంచి పిలిచినా ఎడమ చెవే తిప్పుతున్నారు. మీరే చెబుతారని చూస్తున్నాను."

సిగ్గేసింది, నవ్వొచ్చింది. ఇన్నాళ్ల బెంగ సగం దిగిపోయింది. ఎల్లుండి ఇద్దరం రాజమండ్రి వెళ్తున్నాం.

కొత్త సెర్చ్ ఇంజన్ మాత్రం బాగుందండీ, దాన్నే వాడతాను. ఇంట్లోవాళ్ల దగ్గర ఏదైనా దాచగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఎలాగో కాస్త కామెంట్లో చెప్పండి.