మా అమ్మ చెప్పిన ఒకే ఒక్క బొంకు

మొన్న సిరిసిల్లలో మా మనవరాలు అద్దం ముందు జడ వేసుకుంటూనే, ఆటో ఎక్కేశానని ఫోన్లో స్నేహితురాలికి చెప్తుంటే నాకు నవ్వాగలేదు. ఇంత చిన్న మాటను అబద్ధమంటే మా కాలం వాళ్ళు ఒప్పుకోరు. మా కోరుట్లలో అబద్ధాలకు కొదవా, వాటి పేర్లకు కొదవా! గొప్పలు పోతే గప్పాలు, పొగిడి పని చేయించుకుంటే మస్కా, నమ్మించి ముంచితే టోపీ, జరిగినదాన్ని జరగలేదంటే బొంకు. వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళ మధ్య కూర్చుని మా అమ్మ, చేటలోంచి తల ఎత్తకుండానే, ఎవరి మాట ఏ రకమో తేల్చి చెప్పేది. ఆమె తీర్పుకు తిరుగు లేదు. ఆ గుణం నాకూ వచ్చిందని ఇంట్లో అంటారు, నిజమే.

అటువంటి అమ్మ కూడా బొంకింది. అన్న దుబాయి పోయిన ఏడాదికి బాపు, అంటే మా నాన్న, గుండెనొప్పితో పోయాడు. అగ్రిమెంటు మధ్యలో వదిలి వస్తే అన్నకు మళ్ళీ వీసా దొరకదు, రాలేకపోతే అక్కడ ఒంటరిగా ఏడ్చి ఏమైపోతాడో అని అమ్మ భయం. ఆ రోజుల్లో మాటలన్నీ క్యాసెట్లో నింపి, దుబాయి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం కదా. పదకొండో రోజు దాటాక అమ్మ ఎప్పటిలాగే బీడీల చేట ఒళ్ళో పెట్టుకుని టేప్‌రికార్డర్ ముందు కూర్చుంది, చేతులు ఆడితేనే ఆమెకు మాట వచ్చేది. "బాపు కొండగట్టు గుడికి పోయిండు కొడుకా, మంచిగనే ఉన్నడు" అంది, చుడుతున్న బీడీ ఆపకుండానే. నేను ఓణీ నోట్లో కుక్కుకున్నాను. తర్వాతి క్యాసెట్లలో బాపు పొలానికి పోయాడు, పెళ్ళికి పోయాడు. అన్న కూడా బాపు ఎట్లున్నడని అడుగుతూనే క్యాసెట్లు పంపాడు.

ఏడాది తర్వాత అన్న సెలవు మీద వచ్చిన రోజు, ఎట్లా చెప్పాలో తెలియక మేమంతా గుమ్మంలోనే నిలబడిపోతే, అతను సామాను దించి, బాపు పటం ఎక్కడ పెట్టారని అడిగాడు. ఆ కొండగట్టు క్యాసెట్‌తోనే తెలిసిపోయిందట. అంతకు ముందు వచ్చినవాటిలో అమ్మ బీడీ చుట్టినప్పుడల్లా మాట వెనకాల గాజుల చప్పుడు ఉండేది, అందులో లేదు. గాజులు తీసేసిన చేతుల సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. మరి ఇన్నాళ్ళూ బాపును ఎందుకు అడిగావని అమ్మ నిలదీస్తే, "నువ్వు గట్ల చెప్తుంటే బాపు ఉన్నట్టే ఉండెనే అమ్మా" అన్నాడు. బాపు పోయిననాడు కూడా అంత ఏడవని అమ్మ, అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు అంతా వీడియో కాలే. తండ్రి చితిని కూడా కొడుకు ఎడారిలో కూర్చుని చూస్తున్నాడు, దాచడానికేమీ లేదు, అదే మేలని నేనే అందరితో వాదిస్తాను. కానీ ఇప్పుడు పోయినవాళ్ళు ఆ రోజే పోతున్నారు. మా బాపు అన్నకు ఇంకో ఏడాది మిగిలాడు.